అక్రిలిక్ బోర్డుకు అంచే ప్రాణం

(సంక్షేమ సంఘం వార్షిక సమావేశంలో, వృత్తిపని నేర్చుకుంటున్న యువకుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు వచ్చి మాట్లాడమన్నప్పుడు ఏ విషయం మీద అని అడిగాను. "మీ పని మీదే చాచా, పిల్లలకు అక్కరకొచ్చేది నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఇలాంటి సభల్లో చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, ఆడపిల్లల పెళ్లిళ్ల గురించి పెద్దలు మాట్లాడుతారు. అవి మాట్లాడవలసినవే. నేను మాత్రం అంచుల గురించి మాట్లాడుతాను. నవ్వకండి. ఉర్దూలో చెప్పమని ఇద్దరు ముగ్గురు అన్నారు గాని, ఈ పనిలోకి వస్తున్న మన పిల్లల్లో చాలామంది జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకు తెలుగే దగ్గర. నా ఉర్దూ ఎలాంటిదో మా ఇంట్లోవాళ్ల నడిగితే చెబుతారు.

మైత్రీవనం దగ్గర నిలబడి ఒక్కసారి తల పైకెత్తి చూడండి. అక్కడినుంచి పంజాగుట్ట చౌరస్తా దాకా గోడ ఎక్కడుందో, బోర్డు ఎక్కడుందో తెలియదు. కంప్యూటరు కోచింగు, బ్యాంకు పరీక్షల కోచింగు, హాస్టలు, కళ్లద్దాల కొట్టు, నగల కొట్టు, బట్టల కొట్టు, దంత వైద్యుడు - ఒకరి నెత్తిన ఒకరు ఎక్కి కూర్చున్నారు. ఒకప్పుడు ఇవన్నీ రేకు మీద ఎనామిల్ రంగుతో, కుంచె పట్టుకుని రాసినవే. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఒకే చేత్తో రాసే ఉస్తాదులుండేవారు. తరవాత ట్యూబులైట్లు పెట్టిన గ్లోసైన్ పెట్టెలు వచ్చాయి, ఫ్లెక్సు వచ్చింది, ఇప్పుడు ఎల్.ఇ.డి. వెలుగుతో అక్రిలిక్ అక్షరాలు. కుంచె పోయినందుకు నాకూ బాధగానే ఉంటుంది. అయినా ఆ కథ ఇవాళ వద్దు.

మెట్రో వచ్చాక ఇంకో మార్పు జరిగింది. 2017 నవంబరులో అమీర్‌పేట స్టేషను తెరిచారు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి పంజాగుట్ట మీదుగా ఎల్.బి.నగర్ దాకా రైలు నడిచింది. అంతకుముందు మన బోర్డును జనం కిందనుంచే చూసేవారు. ఇప్పుడు స్టేషను మెట్ల మీదనుంచి, రైలు కిటికీలోనుంచి, పక్కనుంచి, పైనుంచి చూస్తున్నారు. కిందనుంచి కనిపించని అంచు పైనుంచి కనిపిస్తుంది. రంపపు గాట్లు, మసి పట్టిన చోటు, పెచ్చు లేచిన మూల అన్నీ బయటపడ్డాయి. మన పనికి ఒక్కసారిగా తనిఖీదారులు వేలమంది వచ్చినట్టయింది.

అయితే అంచు అందం కోసమే అనుకుంటే పొరపాటు. బట్టల కొట్లో గజం బట్ట చింపేవాణ్ణి చూశారు గదా. మధ్యలో పట్టుకుని ఎంత గుంజినా చిరగదు. అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి లాగితే సర్రున పోతుంది. అక్రిలిక్‌కూ అదే సూత్రం. రంపం వదిలిపెట్టిన ప్రతి గాటూ ఒక కత్తెర గాటే. గాలికి బోర్డు ఊగినా, ఎండకు సాగినా, బిగించేవాడు స్క్రూ గట్టిగా తిప్పినా ఆ బలమంతా పోయి గాటు కొన దగ్గర కూర్చుంటుంది. పగులు అక్కడ పుట్టి లోపలికి నడుస్తుంది. బోర్డు మధ్యలో పగిలిందని షీటును తిడతాం. మొదలు వెతికితే నూటికి తొంభై సార్లు అంచు దగ్గరో, రంధ్రం దగ్గరో దొరుకుతుంది. ఇది లెక్క వేసి చెప్పే మాట కాదు, చూసిన కళ్లతో చెబుతున్నాను.

రంధ్రం కూడా అంచే. ఇది మరిచిపోకండి. బయటి అంచుకు అద్దంలా మెరుగు పెట్టి, స్క్రూ రంధ్రం మాత్రం కట్టెకు కొట్టే బిట్టుతో కొట్టి వదిలేసేవాళ్లున్నారు. లోపల పెచ్చులు లేచి రంధ్రం నోరు పళ్లు పళ్లుగా ఉంటుంది. ఇంటి తలుపుకు తాళం వేసి కిటికీ తెరిచి పెట్టినట్టు. అట్లాగే అక్షరాల లోపలి మూలలు - తెలుగులో మనకు సున్నాలు, గుండ్రాలు ఎక్కువ గనక కొంత నయం. ఇంగ్లీషు ఇ, ఎఫ్, ఎల్ అక్షరాల్లో లోపలి మూల సూదిలా కోస్తే అక్కడే చీలుతుంది. కొంచెం గుండ్రం ఇవ్వండి. చూసేవాడికి తేడా తెలియదు.

పని క్రమం చెబుతాను. రంపంతో కోసిన అంచును ముందు గీకాలి. పాత హాక్సా బ్లేడు వీపు అంచును ఆకురాయి మీద సాపు చేసుకుంటే మంచి గీకుడు కత్తి అవుతుంది, బజారులో కొననక్కరలేదు. ఒకే వైపుకు, పొడుగాటి లాగుడు. సన్నని పీచులా పొట్టు లేస్తుంటే సరిగ్గా నడుస్తున్నట్టు. పొడి రాలితే కత్తి మొండిదైనట్టు. తరవాత తడి ఎమరీ కాగితం - నూట ఎనభై, మూడువందల ఇరవై, ఆరువందలు. ఒక నంబరు గీతలు పూర్తిగా పోకుండా పై నంబరుకు పోవద్దు. నీళ్లు పోస్తూనే ఉండాలి. చివరికి గుడ్డ చక్రం మీద మెరుగు సబ్బుతో బఫింగు. ఇక్కడ తొందరపడి ఒత్తితే అంచు వేడెక్కుతుంది, ఆ వేడి లోపల బిగువుగా మిగిలిపోతుంది. మెరుపు వస్తుంది, బలం పోతుంది. అన్నిటికన్నా చివర, రెండు పక్కల మూలలనూ అర మిల్లీమీటరు వాలుగా విరవండి. రెండు లాగుళ్ల పని. ఆ రెండు లాగుళ్లు మానేసినందుకు మెట్ల పక్కన తక్కువ ఎత్తులో బిగించిన బోర్డుకు పిల్లల చేతులు తెగుతాయి.

మంటతో మెరుగు పెట్టడం ఇంకొక పద్ధతి. హైడ్రోజను, ఆక్సిజను కలిపిన సన్నని మంటైతే శుభ్రంగా ఉంటుంది. వంటగ్యాసు టార్చి మసి పట్టిస్తుంది. మంట ఆగకుండా నడుస్తూ ఉండాలి. ఒక క్షణం ఆగితే బుడగలు లేస్తాయి. అంచు మీద వేలిముద్ర ఉంటే అది కూడా కాలి అక్కడే అచ్చుపడుతుంది. షీటు మీది కాగితాన్ని అంచు దగ్గర అరంగుళం వెనక్కి ఒలుచుకుని గాని మంట చూపకండి. ఇంకో సంగతి, షీట్లు రెండు రకాలు. అచ్చులో పోసి చేసినది ఒకటి, యంత్రంలోనుంచి ఒత్తి తీసినది ఒకటి. రెండోది చవక, దాంట్లో పుట్టుకతోనే బిగువుంటుంది. మంటకు, రసాయనాలకు అది త్వరగా లొంగుతుంది. కొనేటప్పుడు ఏ రకమో అడిగి కొనండి. అడిగితే చిన్నతనం కాదు.

ఇప్పుడు లేజరు వచ్చింది. కోసిన అంచు అద్దంలా బయటికొస్తుంది. "ఇంక ఫినిషింగు ఎందుకు చాచా" అంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను. అనుకుని ఎంత తప్పు చేశానో చెబుతాను. అసలు ఈ మాట చెప్పడానికే ఇవాళ ఒప్పుకున్నాను.

అమీర్‌పేటలో ఒక కోచింగు సంస్థకు పెట్టె అక్షరాలు చేశాం. ఆరు మిల్లీమీటర్ల షీటు, లేజరు కోత, లోపల ఎల్.ఇ.డి. పక్క పట్టీలను క్లోరోఫామ్‌తో అతికించాం. కాగితం జిగురు అంటుకుని ఉంటే థిన్నరు గుడ్డతో తుడవమని మా కుర్రాడికి నేనే చెప్పాను. ఇచ్చిన రోజు పెళ్లికూతురిలా ఉంది. నెలన్నర తిరగకుండా కబురొచ్చింది. రాత్రి లైటు వేస్తే అంచు పొడుగునా వెంట్రుకల్లాంటి పగుళ్లు, చెట్టు వేళ్లు పాకినట్టు, తెల్లగా వెలుగుతున్నాయి. పగలు కనిపించనిది రాత్రి ఊరందరికీ కనిపిస్తోంది. మిగతా డబ్బు ఇవ్వమన్నారు. వాళ్ల తప్పేముంది? నేను షీటు అమ్మినవాడితో జగడమాడాను. చాలక, బిగించేటప్పుడు అక్షరాన్ని వంచావని ఆ కుర్రాడి సగం నెల జీతం కోశాను. వాడు వాళ్లమ్మకు డబ్బు పంపవలసిన నెల అది. ఏమీ అనలేదు, తలొంచుకుని వెళ్లాడు.

ఆ తరవాత తెలిసిందేమిటంటే, లేజరు గాని మంట గాని అంచును కరిగించి చల్లార్చినప్పుడు ఆ సన్నని పొర కుంచించుకుపోవాలని చూస్తుంది, లోపలి షీటు దాన్ని పోనివ్వదు. పైకి మెరుపు, లోపల లాగుడు. అలాంటి అంచుకు థిన్నరో, స్పిరిటో, పెట్రోలో, క్లోరోఫామో తగిలిందంటే ఆ లాగుడంతా వెంట్రుక పగుళ్లుగా విచ్చుకుంటుంది. వెంటనే కావచ్చు, నెలకు కావచ్చు. షీటు మంచిదే. కుర్రాడు వంచలేదు. తప్పు నేను చెప్పిన పనిలో ఉంది. జీతం తిరిగి ఇచ్చాను. కాని ఆ నెల తిరిగి ఇవ్వలేను గదా. కొట్లు నడిపే పెద్దలు ఇక్కడ చాలామంది ఉన్నారు. పగులు చూడగానే కుర్రాడి జీతం వైపు చూడకండి, ముందు అంచు వైపు చూడండి.

దీనికి మందు లేకపోలేదు. కోసిన ముక్కలను ఓవెనులో సుమారు ఎనభై డిగ్రీల వేడిలో పెట్టి, ఆరు మిల్లీమీటర్ల షీటుకైతే రెండు మూడు గంటలు ఉంచి, తలుపు తీయకుండా మెల్లగా చల్లారనివ్వాలి. లోపలి లాగుడు సడలిపోతుంది. వేడి వంద డిగ్రీలు దాటితే షీటు మెత్తబడి వంగుతుంది గనక ఉష్ణోగ్రత చూపే ఓవెనే కావాలి. రెండో నియమం, అతికించబోయే అంచుకు మంట మెరుగు అసలు పెట్టవద్దు. గీకి, సాపు చేసి అతికించండి. మెరుగు బయటికి కనిపించే అంచుకే.

క్లోరోఫామ్ మాట వచ్చింది గనక కొంచెం ఆగుతాను. మన హైదరాబాదుకు దానితో పాత సంబంధం ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో 1888లో, మళ్లీ 1889లో, ఇక్కడ క్లోరోఫామ్ కమిషన్లు జరిగాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి డాక్టరు ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపాడు. నిజాం డబ్బిచ్చి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుణ్ణి రప్పించారు. ప్రపంచంలో మొదటి మహిళా మత్తు వైద్యురాలిగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ పనిచేసింది కూడా మన ఊళ్లోనే. శ్వాసను కనిపెట్టుకుని ఉంటే చాలు, క్లోరోఫామ్ నేరుగా గుండెను ఆపదు అని లారీ గట్టిగా వాదించాడు. 1911లో లెవీ అనే ఆయన అది గుండెను కూడా ఆపగలదని రుజువు చేశాడు. చివరికి ఆపరేషను గదుల్లోనుంచే దాన్ని తీసేశారు. డాక్టర్లు వదిలేసిన మందును మనం కిటికీ లేని కొట్లో సీసా మూత తీసిపెట్టి, సిరంజితో రోజంతా వాడుతున్నాం. సాయంత్రానికి తల దిమ్మెక్కితే "పని ఎక్కువైంది" అనుకుంటున్నాం. అది కాలేయాన్ని, మూత్రపిండాలను తింటుంది. దానికి బదులు వాడే డైక్లోరోమీథేన్ శరీరంలో కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. అమెరికాలో 2024లో దాని వాడకాల్లో చాలావాటిని నిషేధించారు.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. క్లోరోఫామ్ ఆవిరి మంట మీదికి పోతే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల మీద వదిలినది అదే. 1984 డిసెంబరులో భోపాల్‌లో బయటికొచ్చిన మిక్ వాయువును తయారుచేయడానికి వాడే ముడిపదార్థాల్లో అదొకటి. మన కొట్లలో ఏం జరుగుతోంది? ఒక బల్ల మీద ఒకడు అతికిస్తుంటాడు, పక్క బల్ల మీద ఇంకొకడు టార్చి వెలిగిస్తాడు. పది అడుగుల గది. పరిమాణం తక్కువే కావచ్చు, కాని ఊపిరితిత్తులూ చిన్నవే. ఇంటి దగ్గర నేమ్ ప్లేట్లు చేసే మన చెల్లెళ్లెవరైనా ఉంటే మరీ మరీ చెబుతున్నాను, అతికించే పని వంటింట్లో, స్టవ్వు దగ్గర వద్దమ్మా. మంటా క్లోరోఫామూ ఒక గదిలో ఉండకూడదు, ఒక గంటలో ఉండకూడదు. థిన్నరైతే అంటుకుంటుంది, అది అందరికీ తెలుసు. దీని సంగతి తెలియదు గనకే చెబుతున్నాను. లేజరు మీద పి.వి.సి. షీటు కూడా కోయకండి, ఆమ్లపు పొగ వస్తుంది, మనిషీ యంత్రమూ రెండూ పాడవుతాయి.

ఇక అంచును కాపాడటం. మన ఊళ్లో చలికాలం తెల్లవారుజామున పన్నెండు పదమూడు డిగ్రీలు, వేసవి మధ్యాహ్నం ఎండలో బోర్డు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, అరవై దాకా పోతుంది. అక్రిలిక్ మీటరుకు ప్రతి పది డిగ్రీలకు ముప్పాతిక మిల్లీమీటరు దాకా సాగుతుంది. ఎనిమిదడుగుల బోర్డు చలికీ ఎండకీ మధ్య ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్లు పెరిగి తరుగుతుందన్నమాట. దానికి చోటివ్వాలి. స్క్రూ కన్నా రంధ్రం పెద్దది చేయండి, కింద రబ్బరు వాషరు వేయండి, బిగించాక పావు తిప్పు వెనక్కి వదలండి. అల్యూమినియం పట్టీలో కూర్చోబెట్టినా రెండు వైపులా ఖాళీ ఉంచండి. పట్టీ అడుగున నీళ్లు పోవడానికి రెండు మూడు బెజ్జాలు పెట్టండి. అడుగంతా సిలికాన్‌తో మూసేస్తే లోపలికి పోయిన వాననీరు అక్కడే నిలిచి, ఎల్.ఇ.డి. తీగలు పచ్చబడతాయి. సిలికాన్ కూడా పుల్లటి వాసన వచ్చే రకం వద్దు, వాసన లేని న్యూట్రల్ రకం తీసుకోండి. పైన అంటించే వినైలు అంచుకు రెండు మిల్లీమీటర్లు లోపలే ఆగాలి, లేకపోతే అక్కడినుంచే దుమ్ము దూరి పొర లేస్తుంది. రంపపు గాట్లను కప్పడానికి అంచుకు రంగు పూసేవాళ్లున్నారు. ఆ రంగులో థిన్నరుంటుంది. ఏమవుతుందో ఇప్పుడు మీకే తెలుసు.

తుడవడానికి సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ. అంతే. గాజు తుడిచే నీలం నీళ్లలో అమ్మోనియా ఉంటుంది, వద్దు. ఈ మాట ఒక కాగితం మీద రాసి బోర్డుతోపాటు ఖాతాదారుకు ఇవ్వండి. మనం ఎంత బాగా చేసినా వాళ్ల వాచ్‌మన్ స్పిరిటుతో తుడిస్తే మన పేరే పోతుంది.

మన మసీదుల సంగతి. నమాజు వేళల బోర్డులు, చందా పెట్టెలు ఇప్పుడన్నీ అక్రిలిక్‌వే. చందా పెట్టె నోరు చూడండి, చాలాచోట్ల రంపంతో కోసి వదిలేసిందే. పసిపిల్లవాడు తాత ఇచ్చిన నాణెం వేయబోతే వేలు గీరుకుంటుంది. మరీ కష్టం ఎక్కడంటే, అల్లా పేరు, ఆయతులు ఉన్న బోర్డు అంచు పగిలిందనుకోండి. మామూలు బోర్డు ముక్కల్ని తుక్కుకు వేస్తాం. దాన్ని వేయగలమా? మా కొట్లో అటక మీద గుడ్డలో చుట్టిపెట్టిన ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి. కొన్ని నేను చేసినవే. పగలకుండా చేసి ఉంటే అక్కడ ఉండేవి కావు.

ఈ అక్రిలిక్ తక్కువ వస్తువేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల కాక్‌పిట్ పైకప్పు అద్దాలు దీనితోనే చేశారు. పగిలిన ముక్కలు పైలట్ల కళ్లలో దిగినా కన్ను వాటిని సహించిందని హెరాల్డ్ రిడ్లీ అనే కంటి వైద్యుడు గమనించి, 1949లో లండన్‌లో దానితోనే కంటిలోపల పెట్టే లెన్సు చేయించాడు. మీ ఇళ్లలో శుక్లం ఆపరేషను చేయించుకున్న పెద్దవాళ్లెవరైనా ఉంటే, వాళ్ల కంట్లో దీని బంధువే ఉంది. దాని అంచును ఎంత జాగ్రత్తగా సాపు చేసి ఉంటారో ఆలోచించండి.

డబ్బు మాట కూడా చెప్పాలి. అంచు పనికి మనం ధర కట్టం. చదరపు అడుగుకింత అని అక్షరాలకు కడతాం, అంచును అందులో కలిపేస్తాం. తరవాత ఖాతాదారు బేరమాడితే మొదట తగ్గించేది అంచే. నేను ఇప్పుడు బిల్లులో "అంచు పని" అని విడిగా, అడుగుకింత అని రాస్తున్నాను. కొందరు గొణుగుతారు. పాత బోర్డు అంచూ కొత్త బోర్డు అంచూ చేతికిచ్చి తడమమంటే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు, వాళ్ల పని చవగ్గా చేసేవాళ్లు దొరకనే దొరుకుతారు.

సంఘం పెద్దలకు ఒక్క మనవి. ఏటా కుట్టుమిషన్లు ఇస్తున్నారు, మంచిదే. ఈసారి శిక్షణ గదికి ఉష్ణోగ్రత చూపే ఓవెను ఒకటి, గాలిని బయటికి తోసే పెద్ద ఫ్యాను ఒకటి ఇప్పించండి. ఓవెను ఒక్కొక్క చిన్న కొట్టువాడు కొనలేడు. పదిమంది వంతులవారీగా వాడుకుంటే చాలు. అందులో తిండి మాత్రం వండకూడదు, ఇది ముందే చెప్పి ఉంచుతున్నాను. వాడకం నేర్పడానికి వారానికి ఒక సాయంత్రం నేను వస్తాను.

బయట బల్ల మీద నాలుగు ముక్కలు పెట్టాను. ఒకటి రంపం కోత, ఒకటి గీకి సాపు చేసినది, ఒకటి మంట మెరుగు, నాలుగోది లేజరు అంచుకు థిన్నరు తగిలినది. దానిమీద టార్చిలైటు వేసి చూడండి. మొదటిదాన్ని మాత్రం వేలితో గట్టిగా తడమకండి, దాని మూలలు నేను విరవలేదు.